హెచ్-ఇండెక్స్‌ను లెక్కగట్టే తీరు

ఒక పరిశోధకుడి పత్రాలను ఇతర పరిశోధకులు తమ పత్రాలలో ఎన్నిసార్లు ఆధారంగా పేర్కొన్నారో, అంటే వాటికి ఎన్ని సైటేషన్లు వచ్చాయో, ఒకే అంకెలో చెప్పే కొలమానాన్ని శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించారు. అదే హెచ్-ఇండెక్స్. కనీసం ఐదేసి సైటేషన్లు వచ్చిన పత్రాలు ఐదు ఉండి, ఆరేసి వచ్చినవి ఆరు లేకపోతే ఆ పరిశోధకుడి హెచ్-ఇండెక్స్ 5.

ఏడు పత్రాలకు వరుసగా 6, 42, 0, 9, 3, 6, 1 సైటేషన్లు వచ్చాయనుకుందాం. వీటిని పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చితే 42, 9, 6, 6, 3, 1, 0 అవుతాయి. నాలుగో స్థానంలో 6 ఉంది, అది నాలుగుకు తగ్గలేదు. ఐదో స్థానంలో ఉన్న 3 మాత్రం ఐదుకు తక్కువ. కాబట్టి జవాబు 4.

అసలు పేర్చకుండానే ఈ లెక్క చేయవచ్చు. ఏడు పత్రాలున్న వ్యక్తి హెచ్-ఇండెక్స్ ఏడును మించదు గనుక, 0 నుంచి 7 వరకు ఎనిమిది గడులు గీసుకుని, ప్రతి పత్రాన్నీ దాని సైటేషన్ల సంఖ్య ఉన్న గడిలో, ఏడు దాటినవాటిని ఏడో గడిలోనే వేస్తే సరిపోతుంది. ఆపైన చివరి గడి నుంచి వెనక్కి, గడుల్లో పడిన పత్రాల సంఖ్యను కూడుకుంటూ రావాలి: ఏడో గడి దగ్గర మొత్తం 2, ఆరో గడి దగ్గర 4, ఐదో గడి దగ్గరా 4, నాలుగో గడి దగ్గరా 4. మొత్తం గడి సంఖ్యను అందుకున్న చోటే జవాబు. పత్రాల సంఖ్య రెట్టింపైతే పని కూడా దాదాపు రెట్టింపే అవుతుంది, అంతకు మించి పెరగదు.

ఈ పద్ధతిలోని సొగసు, ఈ కొలమానంలోని లోపం రెండూ ఒకే చోట ఉన్నాయని నా అభిప్రాయం. 42నూ 9నూ ఒకే గడిలో వేసినా జవాబు మారలేదంటే, ఆ రెంటి మధ్య తేడాను హెచ్-ఇండెక్స్ అసలు చూడటం లేదన్నమాట. ఆ 42 కాస్తా 4,200 అయినా, అంటే ఆ పత్రం తన రంగాన్నే మలుపు తిప్పినా, మన పరిశోధకుడు 4 దగ్గరే ఉంటాడు. అదే 3 సైటేషన్లున్న పత్రాన్ని తానే తన కొత్త పత్రాలలో మరో రెండుసార్లు పేర్కొంటే 5కు చేరిపోతాడు. గణితాన్ని మార్చేసిన ఎవరిస్ట్ గల్వా తన ఇరవయ్యో ఏట మరణించే నాటికి ప్రచురించినవి కొద్ది పత్రాలే. పత్రాల సంఖ్యను దాటి పైకి పోలేని ఈ కొలమానంలో ఆయనకు దక్కేది చాలా చిన్న అంకె.

అందుకే నియామకాలలోనూ పదోన్నతులలోనూ ఈ అంకెను చూసేవారు స్వీయ సైటేషన్లను తీసివేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్కించి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవాలి. గూగుల్ స్కాలర్, స్కోపస్ వంటి సేవలు లెక్కలోకి తీసుకునే ప్రచురణలు వేర్వేరు కాబట్టి ఒకే వ్యక్తికి అవి వేర్వేరు అంకెలు చూపుతాయి. ఏ సేవ నుంచి, ఏ తేదీన తీసుకున్నారో కూడా అంకె పక్కనే రాయాలి.