సంతకానికి ముందే తేలవలసిన ప్రశ్నలు: ప్రభుత్వాలు కృత్రిమ మేధను కొన్న తీరు

ప్రభుత్వ కొనుగోలు నియమాలు రూపుదిద్దుకున్న కాలంలో కొనే వస్తువుకు స్థిరమైన కొలత ఉండేది. కావలసిన పరిమాణం, నాణ్యత, పూచీ టెండరులో రాసి, సరుకు చేరాక సరిచూసి బిల్లు చెల్లించేవారు. కృత్రిమ మేధ ఈ పద్ధతికి లొంగదు. అది ఏ సమాచారంతో శిక్షణ పొందిందో, ఎవరి విషయంలో ఎక్కువగా పొరబడుతుందో అప్పగించిన రోజున పైకి కనిపించదు. వాడుక మొదలయ్యాక కూడా దాని తీరు మారుతూ ఉండవచ్చు.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం నిరుద్యోగ భృతిలో మోసాలను పట్టుకోవడానికి ప్రైవేటు సంస్థల చేత చేయించుకున్న వ్యవస్థను 2013లో ప్రవేశపెట్టింది. నేటి అర్థంలో దాన్ని కృత్రిమ మేధ అనడం కష్టమే అయినా, తర్వాత వచ్చిన చిక్కులన్నీ అందులో అప్పటికే ఉన్నాయి. మనిషి పరిశీలన లేకుండా 2015 వరకు అది తేల్చిన 22 వేలకు పైగా కేసులను తిరిగి చూస్తే 93 శాతం తప్పులని బయటపడింది. మోసగాళ్లన్న ముద్ర పడినవారి నుంచి భృతితోపాటు దానికి నాలుగు రెట్ల జరిమానా కూడా వసూలు చేశారు.

అదే దేశంలోని హ్యూస్టన్ నగర ఉపాధ్యాయులు వేసిన వ్యాజ్యం అసలు సమస్యను మరింత స్పష్టంగా చూపింది. వారి పనితీరుకు మార్కులు వేసే గణన పద్ధతి ఒక ప్రైవేటు సంస్థ వాణిజ్య రహస్యం కాబట్టి, తమ మార్కు సరైనదో కాదో ఉపాధ్యాయులకే కాదు, దాన్ని కొనుక్కున్న పాఠశాలల యంత్రాంగానికి కూడా సరిచూసుకునే వీలు లేదు. సరిచూసుకోలేని మార్కు ఆధారంగా ఉద్యోగం తీసేయడం న్యాయ ప్రక్రియకు విరుద్ధమన్న వాదనను ఫెడరల్ కోర్టు 2017లో కొట్టివేయకుండా విచారణకు అనుమతించింది. అదే ఏడాది ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి. ఇక్కడ సంస్థ తన రహస్యాన్ని కాపాడుకోవడంలో వింతేమీ లేదు; సరిచూసే హక్కు లేకుండానే ఆ పద్ధతిని వాడుకోవడానికి ఒప్పుకున్నది ప్రభుత్వ యంత్రాంగమే.

ఈ లోపాన్ని నియమంగా సరిదిద్దిన తొలి దేశాల్లో కెనడా ఒకటి. స్వయంచాలక నిర్ణయాలపై 2019లో ఫెడరల్ ప్రభుత్వం తెచ్చిన ఆదేశం ప్రకారం ముందుగా ప్రభావ మదింపు జరగాలి. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ అయినా సరే దాన్ని తెరిచి పరీక్షించే హక్కును ప్రభుత్వం అట్టిపెట్టుకోవాలి. 2020లో బ్రిటన్ కృత్రిమ మేధ కొనుగోలుకు మార్గదర్శకాలు ప్రకటించింది.

అయితే ఎక్కువ ప్రభావం చూపింది ఒక నగర పాలక సంస్థ. శిశు సంరక్షణ భృతి తీసుకున్న వేలాది తల్లిదండ్రులను అన్యాయంగా మోసగాళ్లుగా చూసిన వ్యవహారంలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసిన నెదర్లాండ్స్‌లో, అంతకు ముందే 2020లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం అల్గారిథమ్‌ల కొనుగోలుకు నమూనా ఒప్పంద షరతులు తయారు చేసింది. పారదర్శకతను అవి మూడుగా విడదీశాయి: వ్యవస్థను ఏ ఉద్దేశంతో, ఏ సమాచారంతో నిర్మించారో చెప్పడం, పౌరుడికి తన విషయంలో వచ్చిన నిర్ణయాన్ని వివరించగలగడం, తనిఖీ అవసరమైనప్పుడు లోపలి సాంకేతిక వివరాలు చూపించడం. రహస్యం పేరుతో సంస్థలు వెనుకాడేది మూడోదానికే కాబట్టి, మొదటి రెండింటినీ దాని నుంచి వేరు చేయడంతో బేరానికి చోటు దొరికింది. ఐరోపా సంఘం (యూరోపియన్ యూనియన్) 2023లో వెలువరించిన నమూనా షరతులకు ఇవే ఆధారం. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన ఆ సంఘపు కృత్రిమ మేధ చట్టం, అధిక ప్రమాద వ్యవస్థలను వాడే ప్రభుత్వ సంస్థలు ప్రాథమిక హక్కులపై పడే ప్రభావాన్ని ముందే మదింపు చేయాలని నిర్దేశించింది. దాని నిబంధనలు దశలవారీగా వర్తిస్తాయి.

అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2024లో ఇచ్చిన కొనుగోలు సూచనల స్థానంలో 2025 ఏప్రిల్‌లో కొత్తవి తెచ్చింది. ప్రాధాన్యాలు మారినా, ఒకే సంస్థకు కట్టుబడిపోకూడదన్న జాగ్రత్త రెండింటిలోనూ ఉంది.

ఈ నియమాలన్నీ కొనుగోలు జరుగుతోందని ఎవరికైనా తెలిసినప్పుడే పనిచేస్తాయి. ఏళ్ల క్రితం కొన్న కార్యాలయ సాఫ్ట్‌వేర్‌లోకి సాధారణ నవీకరణ రూపంలో వచ్చి చేరే కృత్రిమ మేధకు కొత్త టెండరు ఉండదు, మదింపు ఉండదు. పాత ఒప్పందాల్లో దాన్ని ఆపే షరతును చేర్చడం ఇప్పుడు కొనుగోలు అధికారుల ముందున్న అత్యవసరమైన పని.