సడలింపు అంటే మెత్తబడటం కాదు: యుద్ధవిద్యల సాధనలో కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: దెబ్బ బలంగా తగలాలంటే మొదటి నుంచీ కండరాలను బిగించి ఉంచాలి.

వాస్తవం: గుద్దేటప్పుడు మోచేతిని చాచేది జబ్బ వెనుక ఉన్న కండరం. అదే సమయంలో జబ్బ ముందున్న కండరం కూడా బిగిసి ఉంటే, ఒక చేత్తో తలుపు తోస్తూ మరో చేత్తో లాగినట్టే అవుతుంది. కొత్తగా చేరినవారి భుజం మీద రెండు వేళ్లు ఆనించి గుద్దమంటే, పిడికిలి కదలకముందే భుజం చెవివైపు లేవడం నా వేళ్లకు తెలుస్తుంది. అక్కడే వేగం కొంత పోతుంది, ప్రత్యర్థికి ముందే కబురూ అందుతుంది.

అపోహ: అలాగైతే చివరిదాకా వదులుగానే ఉండాలి.

వాస్తవం: కొంతకాలం నేర్చుకున్నవారే దీన్ని నమ్ముతారు కాబట్టి, నా దృష్టిలో ఇది మొదటిదానికంటే ప్రమాదకరం. తగిలే క్షణంలో మణికట్టు వదులుగా ఉంటే మడతపడి బెణుకుతుంది. వెన్నెముక పరిశోధకుడు స్టూవర్ట్ మెక్‌గిల్ బృందం మేటి ఎంఎంఏ (మిశ్రమ యుద్ధవిద్యల) యోధుల కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కదలిక మొదట్లో ఒకసారి, దెబ్బ తగిలేటప్పుడు మరోసారి కండరాలు బిగియడం, ఆ రెండింటి నడుమ సడలడం కనిపించాయి. మనం ఏళ్ల తరబడి సాధన చేసేది ఆ నడిమి సడలింపు కోసమే. చైనా యుద్ధవిద్య తాయ్ చీలో ‘సోంగ్’ అనే మాటకూ కూలబడటం అని అర్థం కాదు. ఒంటి నిలకడ చెడకుండా అక్కర్లేని బిగువును వదలడం అని.

అపోహ: జూడో వంటి ‘మృదు’ విద్యలకు బలంతో పనిలేదు.

వాస్తవం: జూడోను 1882లో ప్రారంభించిన జిగోరో కానో, ఉన్న శక్తిని అత్యంత సమర్థంగా వాడమన్నారే గాని శక్తి అక్కర్లేదనలేదు. జూడో తెలిసినవారు ఒక్కసారి కాలర్ పట్టుకుంటే ఈ సందేహం తీరిపోతుంది.

అపోహ: ఏళ్లు గడిస్తే సాఫీతనం దానంతటదే వస్తుంది.

వాస్తవం: కొత్త కదలికను నేర్చుకునేవారు తమ అదుపులో లేని కీళ్లను ముందు బిగించేస్తారని, అదుపు చిక్కేకొద్దీ వాటిని క్రమంగా విడిచిపెడతారని రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్ వివరించారు. అందుచేత తొలినాళ్ల బిగువు సహజమే, దాన్ని చూసి విద్యార్థిని కసరనవసరం లేదు. అయితే అదే బిగువుతో పదేళ్లు సాధన చేస్తే, పదేళ్ల తరువాత బిగువే అలవాటుగా మిగులుతుంది.

నా కటాలు (ఒంటరిగా చేసే నిర్ణీత కదలికల వరుసలు) చూడముచ్చటగా ఉన్న రోజుల్లోనే, స్పారింగ్ (మరొకరితో తలపడే సాధన) మొదలైన నిమిషానికి నేను ఆయాసపడేవాణ్ణి, కారణం ఊపిరి బిగబట్టడమే. ఒంటరి సాధనలో వచ్చిన సడలింపు ఎదుట మనిషి నిలబడగానే మాయమయ్యేది. తోటి సాధకుడితో సగం వేగంతో మొదలుపెట్టి, ఇద్దరిలో ఎవరి భుజం లేచినా, ఎవరి ఊపిరి ఆగినా వెంటనే వేగం తగ్గించుకుంటూ చేసిన సాధనే నాకు పనికొచ్చింది. “రిలాక్స్ అవ్వు” అని పక్కనుంచి అరిస్తే ఎవరూ సడలరు, ఇంకా బిగుసుకుంటారు. ఇప్పటికీ నాకంటే పొడగరి ఎదుట నిలబడితే, మొదటి కొన్ని క్షణాలు నా ఎడమ భుజం లేచే ఉంటుంది.