బ్యాటరీ లేని బేస్ గిటార్‌కి ఇంత జోరెందుకు?

గుంటూరు నుంచి ఒక కుర్రాడు రాశాడు. చర్చిలో బేస్ గిటార్ వాయిస్తాడట. "నాది పాసివ్ బేస్ సార్, లోపల బ్యాటరీ కూడా లేదు. అయినా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (గిటార్ సిగ్నల్‌ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) పెడితే ఎర్ర లైటు వెలుగుతోంది. గెయిన్ పూర్తిగా తగ్గించినా గరగరే. ఎవరో చెబితే జాక్‌లో రెండు రెసిస్టర్లు సోల్డర్ చేశాను. గరగర పోయింది గానీ సౌండు మొద్దుబారిపోయింది. ఎందుకు?"

మొదటి సగానికి జవాబు చిన్నది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ తలవెంట్రుకంత సన్నటి రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. పైన ఉక్కు స్ట్రింగ్ కదిలితే 1831లో ఫారడే చెప్పినట్టే వోల్టేజి పుడుతుంది. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ నుంచి ఇవాళ్టి పాసివ్ బేస్‌ల దాకా సూత్రం ఇదే. ఆ వోల్టేజి స్ట్రింగ్ ఎంత దూరం కదిలిందన్న దాన్ని కాదు, ఎంత వేగంగా కదిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలుగా వేళ్ళతో మీటితే వోల్టులో పదో వంతు నుంచి పదింట మూడు వంతుల దాకా వస్తుంది. అదే బొటనవేలితో స్లాప్ చేస్తే తొలి క్షణంలో ఒక వోల్టు దాటడం మామూలే. ఇంటర్‌ఫేస్ మొదటి దశ తట్టుకోలేకపోతే తరంగం తలా తోకా చదునుగా తెగిపోతుంది. ఆ గరగర అదే. తెగిన తరంగాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ కంప్రెసరూ అతికించలేదు.

నాకు నచ్చింది ప్రశ్నలో రెండో సగం. రెసిస్టరుకి బాస్, ట్రెబుల్ అన్న తేడా తెలియదు కదా, మరి ట్రెబుల్ మాత్రమే ఎందుకు చచ్చిపోయింది?

మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉందనుకోండి. దాని నుంచి కింది కుళాయికి ఒక సన్నటి పైపు. కుళాయి చుక్కచుక్కగా కారుతున్నంత సేపూ దాని దగ్గర ప్రెషర్ దాదాపు పూర్తిగా ఉంటుంది. బార్లా తిప్పారా, ప్రెషరంతా పైపులోనే ఖర్చయిపోతుంది. వోల్టేజి ఆ ప్రెషర్. పికప్ కాయిల్ ఆ పైపు. ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసం ఇచ్చే ఇన్‌పుట్ సాధారణంగా 1 మెగాఓమ్, అంటే చుక్కచుక్కగా కారే కుళాయి. మన కుర్రాడు పెట్టినవి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు. అంటే కుళాయి బాగా తిప్పేశాడు.

ఇంతవరకు అన్ని స్వరాలూ సమానంగా తగ్గాలి. అయితే ఈ పైపు చాలా పొడుగు. అందులో ఉన్న నీటికి బరువుంది. నెమ్మదిగా ఇటూ అటూ కదిలిస్తే కదులుతుంది, సెకనుకి మూడు వేల సార్లు ఊపబోతే ఆ బరువే మొరాయిస్తుంది. కుళాయి ఠక్కున కట్టేస్తే పైపు దబ్బుమనేది కూడా ఈ బరువు వల్లే. కాయిల్‌లో ఆ బరువు పేరు ఇండక్టెన్స్. ఎంత వేగంగా ఊపితే అంత అడ్డం. చుక్కచుక్కగా కారే కుళాయికి ఈ గొడవ పట్టదు, ప్రవాహమే లేదు కనక. బార్లా తిప్పితేనే, వేగంగా ఊగే ట్రెబుల్ పైపులో ఇరుక్కుపోతుంది. ఇంకా సాగదీస్తాను: పైపు రబ్బరుదైతే? ప్రెషర్‌కి ఉబ్బి మళ్ళీ ముడుచుకుంటుంది. గిటార్ కేబుల్ కెపాసిటెన్స్ చేసే పని ఇదే. నీటి బరువూ రబ్బరు సాగుడూ కలిసి ఒకానొక వేగం దగ్గర తమంతట తామే ఊగుతాయి. పికప్‌కి ఉండే సొంత గొంతు చాలావరకు ఆ ఊపే. కుళాయి తిప్పేస్తే అదీ పోతుంది.

లెక్క చూద్దాం. కాయిల్ నిరోధం 10 కిలోఓమ్, ఇండక్టెన్స్ 5 హెన్రీలు అనుకుందాం. వాల్యూమ్ పాట్‌నీ (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) కేబుల్‌నీ ప్రస్తుతానికి పక్కన పెట్టేద్దాం. అన్నిటికన్నా లావైన E స్ట్రింగ్ స్వరం 41 హెర్ట్జ్. అక్కడ ఇండక్టెన్స్ అడ్డం 1.3 కిలోఓమ్, లెక్కలోకే రాదు. స్ట్రింగ్ ఫ్రెట్‌కి తగిలే టక్కు ఉండే 3,000 హెర్ట్జ్ దగ్గర అదే అడ్డం 94 కిలోఓమ్. రెండు 10 కిలోఓమ్‌లు కలిసి 20 కిలోఓమ్‌ల లోడు. దానివల్ల 41 హెర్ట్జ్ దగ్గర పోయేది 3.5 డెసిబెల్స్, 3,000 దగ్గర దాదాపు 14. మొద్దుబారడం అంటే ఈ పదిన్నర డెసిబెల్స్ తేడా. అదే 100 కిలోఓమ్‌లవి రెండు పెట్టి ఉంటే తేడా ఒక డెసిబెల్ లోపే. సర్క్యూట్ అదే, సోల్డరింగ్ అదే, రెసిస్టర్ మీద రంగు గీతలు మాత్రం వేరు.

ఇంటర్‌లో పొటెన్షియల్ డివైడర్ లెక్కలు మనందరం చేశాం. ఎంసెట్‌లో ముప్పై సెకన్లలో తేల్చేవాళ్ళం. మీటర్ తగిలించగానే కొలిచే వోల్టేజే మారిపోతుందన్న సంగతి మార్కుల కోసం తప్ప ఇంకెందుకైనా పనికొస్తుందని ఎవరూ చెప్పిన గుర్తు లేదు. ఒక బేస్ గిటార్ క్లాసులోకి తెస్తే ఒక్క పీరియడ్‌లో అర్థమయ్యే సంగతి.

100 కిలోఓమ్‌ల ప్యాడ్‌ని, అంటే సిగ్నల్ తగ్గించే ఆ రెసిస్టర్ల జతని, ఇంటర్‌ఫేస్ వైపు జాక్‌లో పెట్టాలి, గిటార్ వైపు కాదు. దాని తర్వాత ఆరు మీటర్ల కేబుల్ వస్తే, మీటరుకి సుమారు 100 పికోఫారడ్‌ల చొప్పున ఆ కెపాసిటెన్స్ మళ్ళీ ట్రెబుల్ తినడం మొదలుపెడుతుంది.

అసలు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకునే ముందు స్క్రూ డ్రైవర్ తీయమంటాను. పికప్‌ని స్ట్రింగ్స్ నుంచి దూరంగా దించడమే నా దృష్టిలో అన్నిటికన్నా మంచి మందు. కారణం కూడా ఆ పైపే. ఎక్కువ చుట్లు చుట్టిన "హాట్" పికప్‌లో వోల్టేజి చుట్ల సంఖ్యతో పెరుగుతుంది, ఇండక్టెన్స్ మాత్రం ఆ సంఖ్య వర్గంతో పెరుగుతుంది. చుట్లు 20 శాతం పెంచితే సిగ్నల్ లాభం 1.6 డెసిబెల్స్, నీటి బరువు 44 శాతం ఎక్కువ. కిందికి దించితే చుట్లు అవే, పైపు అదే, ట్యాంకు ఎత్తు ఒక్కటే తగ్గుతుంది. పైగా స్ట్రింగ్ అయస్కాంతానికి మరీ దగ్గరగా ఊగుతుంటే, దగ్గరికొచ్చినప్పుడు ఎక్కువ, దూరం వెళ్ళినప్పుడు తక్కువ వోల్టేజి పుట్టి, ఏ ఆంప్‌కీ చేరకముందే తరంగం వంకరపోతుంది. దించితే అదీ తగ్గుతుంది. ప్రెసిషన్ బేస్‌లో పికప్ కింద స్పాంజ్ ఉంటుంది, అందుకే స్క్రూ బిగిస్తే కిందికి దిగుతుంది, వదులు చేస్తే పైకి లేస్తుంది. స్ట్రింగ్‌ని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, పికప్‌కీ స్ట్రింగ్‌కీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, అర మిల్లీమీటర్ చొప్పున దించుతూ వినాలి.

వాల్యూమ్ నాబ్ తగ్గిస్తే సరిపోదా? సరిపోతుంది! "నాబ్ ఎప్పుడూ పదిలోనే ఉండాలి" అనేది మంగళవారం గోళ్ళు తీయకూడదు లాంటి నమ్మకం. సిగ్నల్ సగానికి తగ్గేలా తిప్పినప్పుడు 250 కిలోఓమ్ పాట్ వెనక ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి మొత్తం అడ్డం) 65 కిలోఓమ్ దాకా చేరుతుంది. ఆరు మీటర్ల కేబుల్‌తో కలిస్తే 4,000 హెర్ట్జ్ పైన తగ్గుదల మొదలు. లీడ్ గిటార్ వాళ్ళకి అది బాధే. బేస్‌కి అక్కడ పెద్దగా సరుకే లేదు.

ఆంప్‌కి "పాసివ్", "యాక్టివ్" (బ్యాటరీ ఉన్న బేస్‌ల కోసం) అని రెండు జాక్‌లుంటే, పాసివ్ బేస్‌ని యాక్టివ్‌లో పెట్టినా ఏమీ కాలదు. చాలా ఆంప్‌లలో అది పది పదిహేను డెసిబెల్స్ తగ్గించే ప్యాడ్ మాత్రమే. రికార్డింగ్ లెవెల్ ఎర్ర గీత దగ్గరగా ఉండాలన్నది కూడా టేపుల కాలం నాటి అలవాటు. 24 బిట్ రికార్డింగ్‌లో శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగినా వినపడే నష్టం ఏమీ ఉండదు.

ఇంకొక్క పరీక్ష. కేబుల్ పీకేసి, గిటార్ చెక్కకి చెవి ఆనించి గట్టిగా మీటి చూడమని ఆ కుర్రాడికి రాశాను. అప్పుడూ గరగర వినిపిస్తే అందులో కొంత ఎలక్ట్రానిక్స్‌ది కాదు, స్ట్రింగ్ ఫ్రెట్లకి కొట్టుకుంటోంది. దానికి బ్రిడ్జ్ దగ్గర స్ట్రింగ్ ఎత్తు పెంచుకోవాలి. అలా పెంచితే పికప్ దూరం కూడా మారుతుంది కాబట్టి, ముందు ఆ పని, తర్వాతే పికప్ స్క్రూలు.