పాత బస్తీ కింద మెట్రో స్టేషన్: అపోహలు - వాస్తవాలు

ఇప్పటి ప్రణాళికలో విజయవాడ మెట్రో స్తంభాల మీదే నడవాల్సి ఉన్నా, నేను భూగర్భ నిర్మాణాల పర్యవేక్షణ చేసే ఇంజినీరునని తెలిసిన అక్కడి పాత బస్తీ వన్‌టౌన్ వాసులు "కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర భూమి కింద స్టేషన్ కడితే మన ఇళ్లు నిలుస్తాయాండీ?" అని అడుగుతూనే ఉంటారు. ఆ భయం అర్థం లేనిది కాదు గానీ, చాలామంది భయపడుతున్నది అసలు ముప్పును చూసి కాదు.

అపోహ: యంత్రాల అదురుకు, రైళ్ల అదురుకు పాత గోడలు కూలిపోతాయి.

వాస్తవం: అదురును ఎవరూ తేలిగ్గా తీసుకోరు. గనుల భద్రతా డైరెక్టరేట్ పేలుళ్లకు నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం, 8 హెర్ట్జ్ (సెకనుకు 8 ఊపులు) లోపు కంపనాలకు చారిత్రక కట్టడాల దగ్గర నేల కదలిక వేగం సెకనుకు 2 మిల్లీమీటర్లు మించరాదు. అయితే గానుగ సున్నంతో కట్టిన, లోతు తక్కువ పునాది ఉన్న ఇంటికి అంతకంటే పెద్ద శత్రువు నీరు. గోతిలోకి ఊరే నీటిని అదుపు లేకుండా తోడేస్తే చుట్టుపక్కల నీటిమట్టం పడిపోయి, అంతవరకు నీరు మోసిన బరువు మట్టి రేణువుల మీద పడి నేల అణగుతుంది. నీటితో పాటు ఇసుక కూడా కొట్టుకొస్తే పునాది కిందే ఖాళీ ఏర్పడుతుంది. కోల్‌కతాలోని బౌబజార్‌లో 2019 ఆగస్టు 31న సొరంగం తవ్వే యంత్రం నీటి పొరను తాకడంతో ఇళ్లు బీటలు వారి, కొన్ని కూలాయి. ఇల్లంతా ఒకే తీరుగా అణగితే నష్టం స్వల్పమే. ఒక మూల ఎక్కువగా దిగినప్పుడే గోడ చీలుతుంది. అందుకే పనికి ముందే ప్రతి ఇంట్లోని పగుళ్లను ఫొటో తీసి, వెడల్పు కొలిచి, యజమాని సంతకంతో నమోదు చేయాలి. పని సాగేటప్పుడు మాత్రం నా కన్ను ముందుగా భూమిలోని నీటి ఒత్తిడిని చూపే పీజోమీటరు మీదే ఉంటుంది, ఎందుకంటే గోడ మీద పగులు కనిపించేసరికి నేల కదిలిపోయి ఉంటుంది.

అపోహ: అంత పెద్ద కాంక్రీటు కట్టడం తన బరువుకే కుంగుతుంది.

వాస్తవం: కృష్ణ ఒడ్డు లాంటి చోట భయపడాల్సింది అది పైకి తేలుతుందని. మూత బిగించిన ఖాళీ బిందెను నీళ్లలోకి నొక్కితే చేతిని ఎలా పైకి తోస్తుందో, ఇదీ అంతే. అడుగు పలక నీటిమట్టానికి 15 మీటర్ల దిగువన ఉంటే చదరపు మీటరుకు దాదాపు 15 టన్నుల ఒత్తిడి కింది నుంచి వస్తుంది. దానిని మందపాటి పలకతో, పక్క గోడలతో, పైకప్పు మీద తిరిగి పోసే మట్టితో, అవసరమైతే లాగుడును తట్టుకునేలా నేలలోకి లోతుగా దించే స్తంభాలతో (పైల్స్) అణచి ఉంచుతారు.

అపోహ: వీధినంతా తవ్వి, దుకాణాలన్నీ తీసేయాల్సిందే.

వాస్తవం: 1984లో మొదలైన కోల్‌కతా మెట్రో కోసం ఏళ్ల తరబడి రోడ్లు తవ్వడంతో ఈ అభిప్రాయం పాతుకుపోయింది. ముంబైలోని కాల్బాదేవి, గిర్‌గావ్‌లలో ప్లాట్‌ఫారాలను పైనుంచి కాక లోపల్నుంచే తవ్వారు. అలాగని ఎవరూ కదలనక్కర్లేదని చెబితే అబద్ధమవుతుంది. మెట్లకు, గాలి గొట్టాలకు, తవ్వకపు బావులకు పైన స్థలం కావాలి, ఆ మేరకు కొందరు తప్పక నష్టపోతారు.

అపోహ: బుడమేరు పొంగితే స్టేషన్ మునిగినట్లే.

వాస్తవం: 2024 సెప్టెంబరు చూసినవారికి ఈ అనుమానం సహజం. ప్రవేశ ద్వారం ఎత్తును తెలిసిన అత్యధిక వరదమట్టానికి పైన నిర్ణయించాలి. అందుకే రోడ్డు మీద నుంచి ముందు నాలుగు మెట్లెక్కి, తర్వాత దిగవలసి వస్తుంది.