పేరూరు, అవిలాల: తిరుపతి చెరువులకు నీటి దారి ఎలా తెగింది

2021 నవంబరు వానలకు తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి సంపు భూమిలోంచి పైకి లేచింది. సిమెంటు ఉరలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టుకున్న మామూలు సంపే. చూడ్డానికి జనం ఎగబడ్డారు, వీడియోలు రాష్ట్రమంతా తిరిగాయి. చాలామంది దాన్ని వింతగానే చూశారు. నేల కడుపు నిండా నీళ్లు చేరి, బయటికి పోయే దారి లేకపోతే, లోపల ఖాళీగా ఉన్న సంపును ఆ నీళ్లే పైకి తోసేస్తాయి. అదే వారం రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడిందని తెలిసి, కింది పల్లెలను ఖాళీ చేయించారు. కపిలతీర్థం దగ్గర కొండ మీది నుంచి నీళ్లు ఉరికాయి, స్వర్ణముఖి వంతెనలను కోసుకుపోయింది.

వాన ఎక్కువ కురిసిన మాట నిజమే. కానీ ఆ వాన ఎక్కడ ఆగింది, ఎవరి ఇళ్లలోకి దూరింది అన్నదానికి వెనక పెద్ద చరిత్ర ఉంది.

తిరుపతి కొండకూ ఏటికీ మధ్య ఉన్న ఊరు. ఉత్తరాన శేషాచలం, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద పడిన వాన వంకల్లో దిగి, చెరువుల్లో ఆగి, ఒక చెరువు నిండి మొరవ (అలుగు) పోతే ఆ నీళ్లు కింది చెరువుకు చేరి, మిగిలింది ఏట్లో కలిసేది. ఏటి నుంచి కూడా కాలువలు తవ్వి చెరువులకు నీళ్లు పట్టేవాళ్లు. పడమట పేరూరు చెరువు, దక్షిణాన అవిలాల చెరువు ఈ వరసలోవే. ఊరి లోపల చిన్న గుంటలు లెక్కలేనన్ని. కొర్లగుంట, కోరమీనుగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట అని ఆటోవాడికి చెబితే ఇప్పుడు నేరుగా కాంక్రీటు వీధుల్లోకే తీసుకెళ్తాడు.

ఈ వరసను ఎవరు కట్టారన్నదానికి రాతి మీద సాక్ష్యం ఉంది. తిరుమల, తిరుపతి గుళ్లలోని శాసనాలను 1930ల్లో టీటీడీయే సంపుటాలుగా అచ్చు వేయించింది. 15, 16 శతాబ్దాల శాసనాలు చదువుతుంటే ఒకే పద్ధతి మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఒక భక్తుడు స్వామి నైవేద్యం కోసం గుడి ఖజానాకు ఇన్ని పణాలు (అప్పటి నాణేలు) అని ఇస్తాడు. గుడివాళ్లు ఆ సొమ్మును పెట్టెలో దాచలేదు. గుడికి చెందిన పల్లెల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి, మరమ్మతు చేయించడానికి ఖర్చు పెట్టారు. నీళ్లు పారితే పంట పెరుగుతుంది, పెరిగిన పంటలోంచి స్వామికి ప్రసాదం జరుగుతుంది. చంద్రగిరి నుంచి పాలించిన సాళువ నరసింహుడి కాలంలో, అంటే 15వ శతాబ్దం రెండో సగంలో, ఇది బాగా ఊపందుకుంది. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీ చెరువు నీళ్ల రూపంలో వచ్చేదన్నమాట. ఈ ప్రాంతంలో ఏ పాత చెరువునైనా శ్రీకృష్ణదేవరాయల ఖాతాలో వేయడం మనకు అలవాటు. ఆయన పాత్రను తగ్గించనక్కర్లేదు గానీ, పేరు తెలియని భక్తుల డబ్బులు, గుడి లెక్కలు కూడా ఆ కట్టల్లో ఉన్నాయి.

చెరువును కట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఇంకో ఎత్తు. ఊరికి నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎన్ని గడియలు, మొరవ దగ్గర మట్టి ఎంత ఎత్తు వేయాలి, అన్నీ అతని చేతిలోనే. కోతలయ్యాక కళ్లంలోనే ప్రతి రైతూ అతనికి గింజలు కొలిచేవాడు. ఎండాకాలం చెరువు ఎండితే రైతులు బండ్లు కట్టుకుని వచ్చి ఒండ్రు మట్టి తోలుకునేవాళ్లు. పొలానికి ఎరువు, చెరువుకు పూడిక తీత, రెండు పనులూ ఒకే బండిలో అయిపోయేవి. చెరువు కట్టించినవాడికి, బాగు చేసినవాడికి దశబంధం ఇనాం ఉండేది. శిస్తులో కొంత భాగం వదిలేసి, దానికి బదులు చెరువును చూసుకోమనడం. మదనపల్లె, వాయల్పాడు వైపు ఈ ఇనాములు చాలా ఉండేవి.

ఇంగ్లీషువాళ్లు వచ్చాక చెరువు ఆదాయంలో ఎక్కువ భాగం కలెక్టరు కచేరికి చేరడం మొదలైంది, మరమ్మతు భారం మాత్రం చాలావరకు ఊరి మీదే మిగిలింది. ఊరివాళ్లు కట్ట పనికి రావడం మానేస్తున్నారని మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చింది. చట్టం పెట్టి పిలవాల్సి వచ్చిందంటేనే పాత కట్టుబాటు సడలిపోయిందని అర్థం. 1876-78 కరువు రాయలసీమను తుడిచిపెట్టాక, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం అని ఒకటి మొదలుపెట్టారు. సర్వేలు బాగానే జరిగాయి. తర్వాత 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలనూ కొన్ని జమీందారీలనూ కలిపి చిత్తూరు జిల్లా చేశారు. అలా రైత్వారీ చెరువులు (సర్కారువి), జమీను చెరువులు (జమీందార్లవి), ఇనాం చెరువులు (ఇనాందార్లవి) ఒకే జిల్లాలో మూడు రకాల యజమానుల కింద ఉండిపోయాయి.

స్వాతంత్ర్యం వచ్చాక ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీను చెరువులూ సర్కారు పరమయ్యాయి. వంద ఎకరాల ఆయకట్టు దాటినవి ఇరిగేషన్ వాళ్లకు, అంతకు తక్కువైనవి పంచాయతీలకు అని పంచుకున్నారు. ఈ పంపకంలో చెరువు, కట్ట, తూము కాగితం మీదకు వచ్చాయి. చెరువుకు నీళ్లు తెచ్చే వంక మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. వంక రెవెన్యూ పోరంబోకు, కొండ అడవి శాఖది, దారి ఆర్ అండ్ బీది. నాకు తెలిసి ఈ కథలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఇదే. గ్రామాధికారుల వ్యవస్థను 1984లో రద్దు చేశాక, ఏ వంక ఎక్కడ పారుతుందో నోటికి చెప్పగలిగే మనుషులు కూడా తగ్గిపోయారు.

ఈలోగా బోర్లు వచ్చాయి. రైతు చూపు చెరువు తూము మీది నుంచి మోటరు స్విచ్చి మీదికి మళ్లింది. ఊరి దాహానికి 1970ల్లో కళ్యాణి డ్యాం వచ్చింది, తర్వాత తెలుగుగంగ నీళ్లు వచ్చాయి. చెరువుతో అవసరం తీరిందని అటు పల్లె, ఇటు పట్నం అనుకున్నాయి. నిజానికి బోరులో వచ్చే నీళ్లకు ఆధారం చెరువులో ఇంకిన నీళ్లే. స్వర్ణముఖిలో ఇసుక తవ్వేకొద్దీ ఏటి అడుగు దిగిపోయింది. ఏటి నుంచి చెరువులకు పారాల్సిన కాలువల తలలు పైనే మిగిలిపోయాయి. చెరువులో నీళ్లు లేవు, కంప మొలిచింది, మేకలు మేస్తున్నాయి. ఇక ఇది చెరువు కాదు, ఖాళీ జాగా అనడానికి ఎంతసేపు?

అన్నారు కూడా. 1991లో రెవెన్యూ శాఖ జీవోతో పేరూరు చెరువులో 150 ఎకరాలు టీటీడీకి వెళ్లాయి, ఇళ్ల కోసం. 1994లో ఇంకో జీవోతో అవిలాల చెరువు గర్భంలో దాదాపు 90 ఎకరాలు తుడాకు (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు). హౌసింగ్ బోర్డుకూ వాటా దొరికింది. ఐదు వందల ఏళ్ల కింద గుడి డబ్బుతో చెరువులు తవ్వించిన ఊర్లో, గుడి ఉద్యోగుల ఇళ్ల కోసం చెరువునే ఇవ్వడం కాకతాళీయమే కావచ్చు. తిరుపతికి ఇళ్లు అక్కర్లేదని ఎవరూ అనరు. చుట్టూ చెరువు కాని నేల లేనే లేదా అన్నదే ప్రశ్న.

తిరుపతిలోనే ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ ఆ ప్రశ్నను కోర్టుకు తీసుకెళ్లింది. హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టులో 2006 ఫిబ్రవరిలో జస్టిస్ రూమా పాల్, జస్టిస్ ఏ.ఆర్.లక్ష్మణన్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. చెరువులాంటి సహజ వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అన్న సూత్రాన్ని ఆ తీర్పు గట్టిగా చెప్పింది. రాబోయే తరాల వాటాను కూడా లెక్కలోకి తీసుకోవాలంది. దేశంలో ఎక్కడ చెరువు కేసు నడిచినా లాయర్లు ఎత్తి చూపే తీర్పుల్లో ఇదొకటి. అది మన పేరూరు, అవిలాల తీర్పు అని తిరుపతిలో ఎంతమందికి తెలుసో మరి.

తీర్పులో అసలు విలువైన భాగం సూత్రాలు కావు, చివర్లో ఉన్న ఆదేశాలు. పేరూరు విషయంలో కొత్త కట్టడాలు వద్దన్నారు. ఆ చెరువుకు నీళ్లు తెచ్చే బోడెద్దుల వంకను శుభ్రం చేసి మళ్లీ పారించాలన్నారు. నీళ్లకు అడ్డంగా ఉన్న ఒక చిన్న చెక్‌డ్యాంను తీసేయమన్నారు. కనీసం 50 ఎకరాల్లో ఊట చెరువు తవ్వి, నేలలోకి నీళ్లు దింపే రీఛార్జి షాఫ్టులు పెట్టాలన్నారు. స్వర్ణముఖి నుంచి వచ్చే పాత కాలువలను తిరిగి తెరవగలమా, ఎంత ఖర్చవుతుంది, రిపోర్టు ఇమ్మన్నారు. అప్పటికే కట్టిన ప్రతి ఇంటికీ డాబా మీది వాన నీళ్లను పట్టే ఏర్పాటు ఉండాలి, ఆ ప్రాంతంలో బోరు వేయకూడదు. వరసగా చూస్తే కోర్టు దృష్టి చెరువు గుంత మీద కన్నా చెరువుకు నీళ్లు వచ్చే దారి మీదే ఎక్కువ ఉంది. ఇంజనీర్లు చెప్పాల్సిన మాట జడ్జీలు చెప్పారు.

కోర్టు చెప్పిన తర్వాత చట్టం కూడా తోడొస్తే బాగుండేది. 2010లో కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల నిబంధనల్లో చెరువులకు, మనుషులు తవ్విన జలాశయాలకు చోటుండేది. 2017లో వాటిని మార్చారు. తాగునీటి కోసం, సాగునీటి కోసం మనుషులు కట్టినవి చిత్తడి నేలల కిందికి రావని కొత్త నిబంధనల్లో రాసేశారు. రాయలసీమలో చెరువంటేనే సాగు కోసం మనిషి కట్టింది. ఒక్క వాక్యంతో జిల్లాలోని చెరువులన్నీ గట్టు దాటిపోయాయి. అదే 2017లో సుప్రీంకోర్టు, ఉపగ్రహ చిత్రాలతో గుర్తించిన 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని ఆదేశించింది. ఒక చేత్తో తీసేశారు, ఇంకో చేత్తో కాపాడమన్నారు.

ఈ విభజన ఎంత విచిత్రమో పక్షులకు పేరుపడ్డ నేలపట్టు చూస్తే తెలుస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టాక నేలపట్టు, పులికాట్ ఆంధ్ర భాగం తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. నేలపట్టు చెరువు కూడా పొలాలకు నీళ్లిచ్చే ఊరి చెరువే. నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, నత్తగొట్టు కొంగలు దిగుతాయి. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పంటకు బలమని రైతులు పక్షులను జాగ్రత్తగా చూసుకున్నారు. 1976లో అది అభయారణ్యమైంది కాబట్టి దాని మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. పక్షులు రాని చెరువుకు ఆ అదృష్టం పట్టలేదు.

పునరుద్ధరణ పేరుతో పథకాలకు మాత్రం కొదవ లేదు. 2000లో నీరు-మీరు, 2015 ప్రాంతంలో నీరు-చెట్టు, 2022లో జిల్లాకు 75 చొప్పున అమృత్ సరోవర్. వీటివల్ల మేలు జరగలేదని అనలేం, పూడిక తీసిన చోట్ల నీళ్లు నిలిచాయి. కానీ దాదాపు ప్రతిసారీ పని చెరువు లోపలే జరుగుతుంది. కారణం తెలిసిందే. జేసీబీ తవ్విన మట్టికి క్యూబిక్ మీటర్ల లెక్క ఉంటుంది, బిల్లు అవుతుంది, ఒండ్రుకు ఇటుక బట్టీల దగ్గర గిరాకీ ఉంటుంది. వంక తెరవాలంటే ఎవరిదో ప్రహరీ గోడ కొట్టాలి, ఏ లేఅవుట్ రోడ్డునో తవ్వాలి, ఆ టెన్షన్ ఏ అధికారీ నెత్తిన పెట్టుకోడు. పట్నంలో అయితే ఇంకో పద్ధతి: చుట్టూ వాకింగ్ ట్రాక్, లైట్లు, ఒక బోటు. ట్రాక్ కోసం కట్టిన గోడే వాన నీళ్లను లోపలికి రానివ్వదు.

విదేశాల్లో చిత్తడి నేలల పునరుద్ధరణ అంటే ఎక్కువగా పీట్ నేలల గురించి చెబుతారు. కుళ్లీ కుళ్లని మొక్కలు వేల ఏళ్లు పొరలుగా పేరుకున్న నేలలవి. భూమి మీద మూడు శాతం జాగాలోనే ఉన్నా, అడవులన్నిటికన్నా ఎక్కువ కార్బన్ దాచుకున్నాయి. తోటల కోసం కాలువలు తవ్వి నీళ్లు బయటికి తోడేస్తే అవి ఎండి తగలబడతాయి. 2015లో ఇండోనేసియా అలాగే మండింది, మరుసటి ఏడాదే ఆ దేశం పీట్ నేలల బాగుకు ప్రత్యేక సంస్థ పెట్టింది. అక్కడ మొదటి పని కాలువలు మూయడం. మన దగ్గర మొదటి పని కాలువలు తెరవడం. పరాయి దేశం ఫార్ములాను ఇక్కడ దించితే గుంత మిగులుతుంది, నీళ్లు రావు.

తెరవాలంటే వంక ఎక్కడుందో ముందు తేలాలి. పాత సర్వే రికార్డుల్లో, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పటాల్లో ప్రతి వంకకూ వెడల్పు గీసి ఉంటుంది. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఇప్పుడున్నదాన్ని ఫోటో తీస్తాయి. పాత పటంలో వంకగా ఉన్న చోట ఇప్పుడు గోడ ఉంటే, కొత్త పటంలో ఏది ఎక్కుతుందన్నది ఆ సర్వే నంబరు దగ్గర నిలబడ్డ సర్వేయరు, వీఆర్వో చేతిలో ఉంటుంది. ఒకసారి కొత్త రికార్డు ఖరారయ్యాక, 2006 తీర్పు పట్టుకుని వెళ్లినా చూపించడానికి వంక ఉండదు. కాబట్టి పేరూరు, అవిలాల, రాయలచెరువు కింది ఊళ్లలో గ్రామసభకు రీసర్వే పటం వచ్చినప్పుడు రైతులు తమ మడి హద్దులతో పాటు వంక హద్దులు కూడా పాత ఎఫ్ఎంబీతో పోల్చి చూసి, తేడా ఉంటే అభ్యంతరం రాసి ఇవ్వడం మంచిది.