చేతి మీద నరాలు ఉబ్బాయని కంగారుపడేవాళ్ల కోసం: అపోహలు - వాస్తవాలు

"సార్, నరాలు పైకి తేలిపోయాయి, బలహీనత అంటున్నారు." ఈ మాట వినని వారం ఉండదు నాకు. రక్తనాళాల సర్జన్‌ని, ఉండేది విశాఖపట్నంలో. మొన్న వచ్చిన కుర్రాడికి ఇరవై మూడేళ్లు. కానిస్టేబుల్ సెలక్షన్స్ కోసం పొద్దునా సాయంత్రం పరుగులు, దండీలు. ముంజేతి మీద నరాలు తాళ్లలా తేలి ఉన్నాయి. ఆరు నెలలుగా నరాల బలహీనతకని మాత్రలు మింగుతున్నాడు. పైగా లేజర్‌తో వాటిని మూసేస్తారని ఎవరో చెబితే వాళ్ల నాన్నగారు అప్పు చేసి డబ్బు సర్దుకుని మరీ వెంటబెట్టుకొచ్చారు. చెయ్యి తల పైకి ఎత్తమన్నాను. చూస్తుండగానే అన్నీ చదునైపోయాయి. "ఇప్పుడు దించు బాబూ" అన్నాను, మళ్లీ నిండాయి. రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి, వాపు లేదు, నొప్పి లేదు. ఆ చేతులకు ఏ జబ్బూ లేదు.

ఈ గందరగోళంలో సగం మన మాటలోనే ఉంది. రక్తం పారే సిరనీ నరమే అంటాం, మెదడు నుంచి కబురు మోసే నాడినీ నరమే అంటాం, మెడ పట్టేసినా నరం పట్టేసిందనే అంటాం. చర్మం కింద నీలంగా, పచ్చగా కనిపించేవి సిరలు. ఒళ్లంతా తిరిగిన రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాలు. అసలు నరాలు మామూలుగా బయటికి కనిపించవు. కాబట్టి సిరలు ఉబ్బాయని బీ12 సూదులు వేయించుకుంటే ఒరిగేదేమీ లేదు. చర్మం కింద కొవ్వు తక్కువగా ఉన్నవాళ్లకి, కండ పెంచినవాళ్లకి, బరువు పనులు చేసేవాళ్లకి సిరలు తేలతాయి. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ చర్మం పలచబడి ముసలివాళ్ల చేతుల మీద కూడా అలాగే కనిపిస్తాయి.

"మరి కాళ్లలో వెరికోస్ వస్తుంది కదా, చేతులకెందుకు రాదు?" ఇది ఆ కుర్రాడి నాన్నగారి ప్రశ్న, మంచి ప్రశ్న. మనం నిలబడినప్పుడు గుండె నుంచి మడమ దాకా ఉన్న రక్తం బరువంతా చీలమండ దగ్గర సిర మీద పడుతుంది, అక్కడి ఒత్తిడి బీపీ కొలిచే లెక్కలో 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ బరువు మోసి రక్తాన్ని వెనక్కి పోనివ్వని లోపలి కవాటాలు చెడిపోతే సిర వంకరలు తిరుగుతుంది, అదే వెరికోస్. చేతికి అంత బరువు లేదు, పైగా రోజంతా ఎత్తుతూ దించుతూనే ఉంటాం. అందుకే చేతిలో వెరికోస్ చాలా అరుదు.

ఇక నేను ఎన్నిసార్లయినా చెప్పే మాట: ఉబ్బాయన్న ఒక్క కారణంతో మంచి సిరల్ని మూయించుకోకండి. లేజర్‌తోనో, ఇంజక్షన్‌తోనో మూయడం కుదరదని కాదు. కాలిలో రక్తం ఎక్కువ భాగం లోపలి పెద్ద సిరల గుండా వెళ్తుంది కాబట్టి పైది చెడిపోతే మూసేసినా నష్టం ఉండదు. చేతిలో అలా కాదు, పైకి కనిపించే సిరలే అక్కడ ముఖ్యమైన దారులు. రేపు ఆపరేషన్ అయితే సెలైన్ ఎక్కేది వాటిలోంచే. కాలికి బైపాస్ చేయాల్సి వచ్చి కాలి సిర పనికిరాకపోతే మేం చేతి సిర తీసి వాడతాం. కిడ్నీలు పోతే ప్రాణం నిలబెట్టేది కూడా అదే.

ఈ చివరి సంగతి నాకు కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నేర్పింది. కవిటి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు, కొబ్బరి తోటల్లో పని చేసిన మనిషి. డయాలసిస్‌కి ఫిస్టులా పెట్టాలి, అంటే సూదులు గుచ్చడానికి వీలుగా చేతి సిరను సిద్ధం చేయాలి. దండకు, అంటే మోచెయ్యి పైభాగానికి, పట్టీ బిగించి మణికట్టు నుంచి మోచెయ్యి దాకా వేలితో తడుముతూ వెళ్లాను. మెత్తగా, నిండుగా తగలాల్సిన సిర ఎండిన తీగలా గట్టిగా తగిలింది. స్కానింగ్‌లో చూస్తే లోపల దారే లేదు. రెండో చెయ్యీ అంతే. అడిగితే చెప్పారు, నీరసం వచ్చినప్పుడల్లా ఊళ్లో బలానికి సెలైన్ ఎక్కించుకునేవారట, పదేళ్లుగా, నెలకొకటో రెండో. ప్రతిసారీ ముంజేతిలోనే సూది. మణికట్టు దగ్గర గంటలో అయిపోవాల్సిన పనికి చివరికి మెడలో గొట్టం వేసి, తర్వాత దండలో పెద్ద ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం మణికట్టు దగ్గర పోయిన ఆ సిరే కళ్లలో మెదిలింది. బలానికి సెలైన్ అనే ఈ అలవాటు మీద నాకు కోపం, ఆయన మీద కాదు. నీరసంగా ఉన్న మనిషికి ఎవరో ఒకరు సాయం చేస్తున్నారనిపిస్తే ఎవరు వద్దంటారు?

ఫిస్టులా అనగానే మొలల పక్కన వచ్చేదేమో అని భయపడేవాళ్లు చాలామంది. అది వేరు, ఇది వేరు. చేతిలో ధమనిని, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టాన్ని, పక్కనున్న సిరకు కలిపి కుట్టడమే ఇది. న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో, అప్పెల్ అనే డాక్టర్లు 1966లో ప్రచురించిన పద్ధతి, ఇప్పటికీ మేం ముందు చూసేది అదే. ధమని ఒత్తిడికి సిర ఉబ్బాలి, గోడ దళసరి కావాలి. అందుకు ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. దాదాపు 6 మిల్లీమీటర్ల వెడల్పయితే మాకు సంతోషం. వారానికి మూడు డయాలసిస్‌లు, ఒక్కోసారికి రెండు సూదులు, ఏడాదికి 300 పైనే పోట్లు. సన్నటి సిర వాటికి తట్టుకోలేదు. అంటే ఇక్కడ సిర ఉబ్బడమే వైద్యం.

ఒకావిడ ఫిస్టులా పెట్టించుకున్న భర్తను తీసుకుని అర్ధరాత్రి పరిగెత్తుకొచ్చారు, "చెయ్యి లోపల ఏదో బుర్రుమంటోంది సార్, నరం పగిలిపోతుందేమో" అని. ఆవిడ వేలు పట్టుకుని కుట్టు మీద పెట్టాను. "అమ్మా, ఇది ఇలా మోగుతున్నంత కాలం మీవారి ఫిస్టులా బతికున్నట్టే. రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూడండి. ఆగిపోతే మాత్రం ఆ రోజే రండి." ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు. కిడ్నీ జబ్బు ఉందని తెలిసిన రోజు నుంచే రక్తం అరచేతి వెనక నుంచి తీయమని అడగండి, సిగ్గుపడొద్దు. ఏళ్లు గడిచాక ఫిస్టులా బెలూన్‌లా ఉబ్బి, చర్మం మెరుస్తూ పలచబడినా, పొక్కు కట్టినా వెంటనే చూపించండి. రక్తం చిమ్మితే గుడ్డలు చుట్టుకుంటూ కూర్చోకుండా కారే చోటే వేలితో గట్టిగా అదిమిపట్టి ఆస్పత్రికి బయల్దేరండి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. నూనె మర్దనకు సిరలు కుంచించుకుపోవు. గట్టిగా కట్టు కడితే చెయ్యి వాస్తుంది తప్ప మేలు లేదు. ఆస్పత్రిలో సూది పెట్టినచోట తర్వాత గట్టిగా, నొప్పిగా తాడులా తగిలితే అది చాలామందికి వేడి కాపడంతో కొన్ని వారాల్లో తగ్గుతుంది. జ్వరం వచ్చినా చీము పట్టినా చూపించాలి.

నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. ఒకే చెయ్యి హఠాత్తుగా వాచి, బరువెక్కి, నీలంగా మారి, భుజం మీద, ఛాతీ మీద కొత్తగా సిరలు తేలితే, చెయ్యి పైకెత్తినా అవి అణగకపోతే, లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. జిమ్‌లో భుజాలతో బరువులెత్తే కుర్రాళ్లకి, పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లకి, మెడలో డయాలసిస్ గొట్టం వేయించుకున్నవాళ్లకి ఇది రావచ్చు. దాన్ని నరం పట్టేసిందని మర్దన చేయించి నాలుగు రోజుల తర్వాత తీసుకొస్తున్నారు. ఆ చెయ్యి ఎవరితోనూ పిసికించకండి, అదే రోజు డాప్లర్, అంటే సిరల్లో రక్తం పారడం చూసే స్కానింగ్, చేయించండి.