ఉగాండా పల్లె ఆసుపత్రిలో కోవిడ్: అపోహలు - వాస్తవాలు

నేను బయోమెడికల్ ఇంజనీర్‌ని. తేలిగ్గా చెప్పాలంటే ఆసుపత్రి మెషిన్లు రిపేరు చేసేవాణ్ణి. 2019 జూలై నుంచి 2022 చివరిదాకా పశ్చిమ ఉగాండాలో, రువెంజోరి కొండల కింద ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేశాను. ఇంటికి వచ్చినప్పుడల్లా చుట్టాలు ఆ రోజుల గురించి అడుగుతారు. అడిగేలోపే జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. అలా ఎక్కువసార్లు విన్న జవాబులే ఇవి.

అపోహ: మహమ్మారి అంటే ఏంటో వాళ్లకు 2020లోనే తెలిసింది. బిత్తరపోయి ఉంటారు.

బిత్తరపోయింది నేను. 2018 ఆగస్టు నుంచి సరిహద్దు అవతల కాంగోలో ఎబోలా నడుస్తోంది. 2019 జూన్‌లో అది ఉగాండా వైపు కసేసె జిల్లాలోకి కూడా వచ్చింది. నేను చేరేనాటికే గేటు దగ్గర టెంటు, జ్వరం చూసే మనిషి, కాలితో తొక్కితే వంగి నీళ్లు పోసే జెర్రీక్యాన్ ఉన్నాయి. క్లోరిన్ చేతులకైతే 0.05 శాతం, నేలకైతే 0.5 శాతం. ఈ అంకెలు వాచ్‌మన్‌కు కూడా నోటికి వచ్చు. 2000లో ఉత్తర ఉగాండాలోని గులు ప్రాంతంలో ఎబోలా వచ్చినప్పుడు లాచోర్ ఆసుపత్రిని ముందుండి నడిపిన డాక్టర్ మాథ్యూ లుక్వియా అదే జబ్బుతో చనిపోయారు. ఆయన పేరు తెలియని నర్సు నాకక్కడ తగల్లేదు.

అయితే ఎబోలా అలవాటు ఒకచోట అడ్డం కూడా వచ్చింది. అది తాకితే అంటుకునే జబ్బు, కోవిడ్ గాలిలో వచ్చేది. మొదటి నెలలన్నీ నేల కడగడం మీదే ధ్యాస. దోమలొస్తాయని మూసి మేకులు కొట్టేసిన కిటికీల సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టాక ఆ మేకులు పీకే పని నాకు పడింది. దగ్గుతో వచ్చేవాళ్లకు వరండాలోనే మంచాలు వేశాం. రాత్రిళ్లు చలి, అదనంగా దుప్పట్లు, వాటితో ఇంకో తంటా. అది కింద చెబుతాను.

అపోహ: వెంటిలేటర్లు లేకే జనం పోయారు.

ఇది విన్నప్పుడల్లా నాకు బీపీ పెరుగుతుంది. కోవిడ్ మొదలయ్యేనాటికి ఉగాండా మొత్తం మీద పనిచేసే ఐసీయూ పడకలు 55. మాకు ఒక్కటీ లేదు. ఎవరో దాతలు రెండు వెంటిలేటర్లు పంపారు. ఒకటి 110 వోల్టులది, అక్కడి కరెంటు 240. రెండోదానికి 4 బార్ ప్రెషర్‌తో ఆక్సిజన్ ఇచ్చే పైపులైను కావాలి. మాకు పైపులైనే లేదు. సరే, అవన్నీ ఎలాగో అమర్చామే అనుకోండి, రాత్రీ పగలూ ఆ ఒక్క రోగినీ కనిపెట్టుకుని ఉండే నర్సు ఎక్కడినుంచి వస్తుంది? ముప్పై మంచాలకు రాత్రిపూట ఇద్దరే నర్సులు.

మాకు అక్కరకొచ్చింది ఆక్సిజన్ కాన్సంట్రేటర్. గదిలోని గాలినే లాక్కుని, లోపలున్న జియోలైట్ గుళికలతో నైట్రోజన్‌ను పట్టేసి, 93 శాతం దాకా ఆక్సిజన్ ఇస్తుంది. కానీ దానికి శత్రువులు చాలా మంది. సాయంత్రం వోల్టేజి పడిపోతుంది, పిడుగుల వాన కురిస్తే ఎగబాకుతుంది, బోర్డు కాలిపోతుంది. రెండు బోర్డులు కాలాక ఒక్కోదానికీ స్టెబిలైజర్ పెట్టించాను. మాకొచ్చిన విరాళాలన్నిటిలో ఇనుప డబ్బాల్లా ఉండే ఆ స్టెబిలైజర్లంత పనికొచ్చింది ఇంకోటి లేదు. ఆ తర్వాత ఎర్రమట్టి దుమ్ము. ఫిల్టరు రోజూ కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడిది పెడితే లోపలి గుళికలు పాడవుతాయి.

2021 జూన్‌లో ఒక రాత్రి రెండు గంటలకు నన్ను లేపారు. వరండాలో మెషిన్ కూత పెడుతోంది, రోగి రక్తంలో ఆక్సిజన్ 84 శాతానికి పడిపోయింది. వెళ్లి చూస్తే మెషిన్ మీద రెండు దుప్పట్లు కప్పి ఉన్నాయి. రోగి తల్లి కప్పింది. ‘చప్పుడుకి పిల్లాడికి నిద్ర పట్టట్లేదు ముసావో’ అంది. (అక్కడ డాక్టరైనా నర్సైనా స్పానర్ పట్టుకున్న నేనైనా అందరం ముసావోలమే.) ఆ పిల్లాడికి నలభై దాటి ఉంటాయి. దుప్పట్లు తీసి, మెషిన్ చల్లబడేదాకా సిలిండర్ తగిలించాం. మర్నాడు ప్రతి మెషిన్ మీదా దుప్పటి బొమ్మ గీసి, దానిమీద అడ్డగీత కొట్టాను.

సిలిండర్ లెక్క కూడా చెప్పాలి. పెద్ద సిలిండర్‌లో 6,800 లీటర్లు ఉంటాయి. నిమిషానికి 10 లీటర్లు పెడితే 11 గంటల 20 నిమిషాలకు ఖాళీ. నింపించాలంటే పికప్‌లో వేసుకుని ఇంకో ఊరు వెళ్లాలి. ఆ జూన్‌లో అక్కడ క్యూలో మా వంతు వచ్చేదాకా డ్రైవర్ బండిలోనే పడుకునేవాడు. అందుకే రోగిని బోర్లా పడుకోబెట్టడం, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం మాకు మామూలైపోయింది. ఆ మందు గురించి 2020 జూన్‌లో బ్రిటన్ ట్రయల్ చెప్పింది ఇదే: ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఆ చవక మందు మరణాలను ఐదో వంతు తగ్గించింది.

అపోహ: ఎండలు, కుర్ర జనాభా. అక్కడ కోవిడ్ రానే లేదు.

ఎండలా? రాత్రి స్వెటర్ లేకుండా ఉండలేం. కుర్ర జనాభా మాట నిజమే, దేశంలో సగం మంది పదిహేడేళ్లలోపే. 2020 చాలామటుకు తేలిగ్గా గడిచింది కూడా. 2021 జూన్‌లో డెల్టా రకం కోవిడ్ వచ్చాక ఆ ధీమా పోయింది. టెస్టు జరక్కుండా ఇంట్లోనే పోయినవాళ్లు ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

అపోహ: లాక్‌డౌన్‌లో ఆసుపత్రి కిటకిటలాడింది.

ఖాళీగా ఉంది. మా అందరికీ టెన్షన్ పెట్టింది అదే. 2020 మార్చి చివర్లో బస్సులు ఆపేశారు, బోడాబోడా అనే అద్దె బైకుల మీద మనుషుల్ని ఎక్కించుకోకూడదన్నారు, సొంత కారు తీయాలన్నా జిల్లా అధికారి అనుమతి కావాలి. అక్కడ నొప్పులొచ్చిన మనిషి ఆసుపత్రికి వచ్చేదే బోడా మీద. ప్రసూతి వార్డులో మంచాలు ఖాళీ అయితే కాన్పులు తగ్గాయని కాదు కదా. గర్భిణులకు అనుమతి అక్కర్లేదని తర్వాత చెప్పారు. ఈలోపు మా అంబులెన్సు రోజంతా తిరుగుతూనే ఉండేది. హెచ్‌ఐవీ మందులు నెలకోసారి కాక మూడేసి నెలలకు కట్టిచ్చారు. ఆ పద్ధతి బాగుండి తర్వాతా ఉంచేశారు.

అపోహ: చుట్టాలను బయట ఆపేస్తే సరిపోయేది.

మన పెద్దాసుపత్రుల్లో తోడున్నవాళ్లు క్యారేజీ తెస్తారు. అక్కడైతే ఆవరణలోనే బొగ్గుల పొయ్యి పెట్టి పోషో (మొక్కజొన్న పిండి ముద్ద), చిక్కుడు గింజలు వండుతారు. మంచం పక్కన పని కూడా వాళ్లదే. వాళ్లను ఆపితే రోగికి తిండి ఉండదు. మంచానికి ఒక్కరినే ఉండనిచ్చి, వంటల చోటును గేటు పక్కకు మార్చాం. మొదటి వారం గొడవలయ్యాయి.

అపోహ: టీకా అంటే భయపడి ఎవరూ వేయించుకోలేదు.

భయపడినవాళ్లు ఉన్నారు. 2021 మార్చి 5న దేశానికి వచ్చిన 8,64,000 డోసులు పుణెలో తయారైనవే. ఆ తర్వాత మన దేశం ఎగుమతులు ఆపేసింది. మొదటి డోసు వేసుకున్న నర్సులు నన్ను చూడగానే ‘మీవాళ్లు రెండోది ఎప్పుడు పంపుతారు?’ అనేవారు. నాలుగైదు వారాలు క్యాంటీన్‌కు వెళ్లాలంటే మొహమాటంగా ఉండేది.

అపోహ: కోవిడ్ అయిపోయాక ఆ సామానంతా మూలన పడింది.

వెంటిలేటర్లు పడ్డాయి, అట్టపెట్టెలకు చెదలు కూడా పట్టాయి. కాన్సంట్రేటర్లు మాత్రం పిల్లల వార్డుకు వెళ్లాయి. ఆక్సిజన్‌ను పాయలుగా పంచే ఫ్లో స్ప్లిటర్ తగిలిస్తే ఒక్క మెషిన్ మీద న్యుమోనియా వచ్చిన పసిబిడ్డలు నలుగురైదుగురికి సరిపోతుంది. గేటు దగ్గర టెంటు 2022లో విప్పి మడతపెట్టాం. అదే ఏడాది సెప్టెంబరు 20న మధ్య ఉగాండాలోని ముబెండేలో ఎబోలా అని ప్రకటించారు. ఈసారి సూడాన్ రకం, 2018లో మా స్టాఫ్ వేయించుకున్న ఎబోలా టీకా దీని మీద పనిచేయదు. కంపాలా నుంచి మా వైపు వచ్చే రోడ్డు ముబెండే మీదుగానే వస్తుంది. ఆ సాయంత్రమే వాచ్‌మన్ స్టోర్ తాళం అడిగి తీసుకుని, టెంటు గుంజలు బయటికి తెచ్చాడు.